స్ట్రాలు అమ్మేవాడి మాట: జ్ఞానదంతం తీయించుకుంటే స్ట్రా ముట్టొద్దు

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక సందు మొదట్లో నాకు జ్యూస్ షాపు ఉంది. ఎండాకాలంలో రోజుకు మూడు నాలుగు కట్టల స్ట్రాలు అయిపోతాయి. అట్లాంటివాడికి, పన్ను తీసిన డాక్టరమ్మ మందుల చీటీ ఇస్తూ "వారం దాకా స్ట్రా వాడొద్దండీ" అంటే నవ్వొచ్చింది. నవ్వడానికి మూతి తిరగలేదు గానీ లోపల నవ్వుకున్నాను. మూడో రోజు రాత్రి రెండు గంటలకు, చెవి నుంచి గడ్డం దాకా కాల్చిన ఇనుప చువ్వ పెట్టినట్టు నొప్పి లేచినప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చింది.

నాకు కింది దవడలో రెండు వైపులా జ్ఞానదంతాలు అడ్డంగా ఉండేవి. ఎడమది ఫిబ్రవరిలో తీయించాను, చేయకూడని పనులన్నీ చేశాను. కుడిది ఎనిమిది నెలల తర్వాత తీయించాను, నాలుగో రోజుకల్లా కౌంటర్లో కూర్చున్నాను. డాక్టరు ఒకరే, కుర్చీ అదే, మాత్రలూ అవే. తేడా అంతా ఇంటికొచ్చాక నేను చేసిన పనుల్లోనే ఉంది. బుగ్గ పట్టుకుని షాపు ముందు నిలబడే కుర్రాళ్లకు ఈ సంగతంతా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇప్పుడు రాసి పెడుతున్నాను.

అసలు తీయించాలా?

జ్ఞానదంతమంటే దవడకు చిట్టచివర వచ్చే మూడో దవడపన్ను. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది. పైన రెండు, కింద రెండు. కొందరికి ఒకటో రెండో వస్తాయి, కొందరికి అసలు రావు. మిగతా పళ్లన్నీ సర్దుకుని కూర్చున్నాక వస్తుంది కాబట్టి చాలామందికి దానికి చోటుండదు. తిరుమల క్యూ కాంప్లెక్సులో వెనకవాడు నిద్ర ఆగక ముందువాడి వీపు మీద వాలిపోతాడు చూడండి, నా ఎక్స్‌రేలో ఆ పన్ను అట్లనే ముందు పన్ను మీదికి ఒరిగి ఉంది.

అందరూ తీయించుకోవాల్సిన పని లేదు. పన్ను నిటారుగా వచ్చి, బ్రష్ అందుతూ, నొప్పీ పుచ్చూ లేకుండా ఉంటే దాని మానాన దాన్ని వదిలేయొచ్చు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ అనే సంస్థ 2000లోనే, జబ్బు లేని జ్ఞానదంతాలను ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని చెప్పింది. కాబట్టి ఎవరైనా "నాలుగూ ఒకేసారి తీసేద్దాం" అంటే ఒక్కొక్క పన్నుకీ కారణం అడగండి. చిగురు మాటిమాటికీ వాస్తోందా, ఆ పన్నుగానీ పక్క పన్నుగానీ పుచ్చిందా, ఎముకలో తిత్తి కట్టిందా? ఇట్లాంటి కారణం ఒకటి ఉండాలి.

నాకు కారణం ఉండింది గానీ నేను రెండేళ్లు లాగాను. పన్ను సగం బయటికొచ్చి ఆగిపోయింది, మిగతా సగం మీద చిగురు మూతలాగా ఉండింది. ఆ మూత కిందికి తిండి పోతుంది, బ్రష్ పోదు. నా కేసులో పోయింది ఊరిబిండి పచ్చడిలోని వేరుశనగ పలుకులు. మా ఇంట్లో సంగటి ఉంటే ఊరిబిండి ఉండాల్సిందే. ఇరుక్కున్నది కుళ్లి చిగురు వాచేది, నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకునేది కాదు, గుటక వేస్తే గొంతులో పోటు. ఒక క్లినిక్‌కు పోతే ఎక్స్‌రే తీయకుండానే మాత్రలు రాసిచ్చారు. మూడు రోజుల్లో తగ్గింది. రెండు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ అవే మాత్రలు. మూడోసారీ అంతే. తప్పు సగం వాళ్లది, సగం నాది. తగ్గితే చాలనుకుని నేనూ అడగలేదు. తర్వాత వేరే చోట ఎక్స్‌రే తీసినప్పుడు చూస్తే, బాగున్న ముందు పన్ను కూడా వెనకవైపు పుచ్చు పట్టడం మొదలైంది. దానికి ఫిల్లింగు ఖర్చు అదనం.

మాత్రలతో వాపు తగ్గుతుంది, పన్ను లేచి నిలబడదు. రెండోసారి వాచిందంటే ఎక్స్‌రేకు పోండి.

ఇంకో సంగతి. బుగ్గ బాగా వాచి ఉన్నప్పుడు పోయి "ఇప్పుడే పీకేయండి" అని పట్టుబట్టొద్దు. చీము పట్టిన చోట మత్తుసూది సరిగా పని చేయదు. ముందు చిగురు మూత కింద కడిగి, ఇన్ఫెక్షన్ తగ్గడానికి మందులిచ్చి, కొన్ని రోజులయ్యాక తీస్తారు. అది డబ్బుల కోసం తిప్పుకోవడం కాదు.

మా అవ్వకు ఇవేవీ నచ్చలేదు. లవంగం పెట్టుకోమంది. లవంగానికి నిజంగానే కాసేపు నొప్పిని మొద్దుబార్చే గుణం ఉంది, ఒక రాత్రి గడవడానికి పనికొస్తుంది. లవంగ నూనె మాత్రం నేరుగా పోస్తే చిగురు కాలుతుంది. ఆస్పిరిన్ మాత్ర నలిపి పన్ను పక్కన పెట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు, దానివల్ల చిగురు తెల్లగా కాలిపోతుంది తప్ప వేరే లాభం లేదు. అవ్వ రెండో భయం కళ్లు. దవడపన్ను పీకిస్తే చూపు మందగిస్తుందని ఆమె నమ్మకం. పళ్లకు పోయే నరం వేరు, చూపు నరం వేరు అని డాక్టరమ్మ చెప్పింది. మూడో భయానికి మాత్రం మా ఇంటావిడే జవాబిచ్చింది. "జ్ఞానదంతం తీస్తే జ్ఞానం పోదా మే?" అని అవ్వ అడిగితే, "కాణిపాకం సామికి ఒక దంతం లేదు గదవ్వా, ఆయన దగ్గరికే గదా మనం బుద్ధి ఇయ్యమని పొయ్యేది" అంది. అవ్వ మళ్లీ ఎత్తలేదు.

ఎక్స్‌రే, డాక్టరు, డబ్బు

చిన్న ఎక్స్‌రే చాలదు, ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే కావాలి. మిషన్ దగ్గర నిలబెట్టి, ముందు పళ్లతో ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క కొరికి పట్టుకోమంటారు, అది తల చుట్టూ తిరుగుతుంది. నిమిషం కూడా పట్టదు. చైను, కమ్మలు, జడ క్లిప్పులు తీసేయాలి. రెండు దవడలూ అన్ని పళ్లూ ఒకే ఫిల్ములో వస్తాయి.

ఆ ఫిల్ములో మీరు అడిగి చూపించుకోవాల్సింది ఒకటుంది. కింది దవడ ఎముకలో సన్నని కాలువలాగా ఒక దారి కనబడుతుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోనే పోతుంది. జ్ఞానదంతం వేరు దానికి ఎంత దగ్గరగా ఉందనేదే అసలు ప్రశ్న. తగులుతున్నట్టు అనుమానం ఉంటే త్రీడీ స్కాన్ రాస్తారు. నాకు కుడివైపు వేరు కొంచెం దగ్గరగా ఉండింది. పెదవి కొన్నాళ్లు తిమ్మిరిగా ఉండే అవకాశం ఉందని, చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుందని, అరుదుగా ఉండిపోతుందని చెప్పి సంతకం తీసుకున్నారు. భయపెట్టారని కొందరు అంటారు. నాకైతే ముందే చెప్పినవాళ్ల మీదే నమ్మకం కుదిరింది.

నిటారుగా ఉన్న పన్నును మామూలు డెంటిస్టు తీసేస్తారు. ఎముకలో అడ్డంగా ఇరుక్కున్నదానికి ఓరల్ సర్జరీలో ఎండీఎస్ అనే పైచదువు చేసినవాళ్లు ఉంటే మంచిది. చాలా క్లినిక్‌లలో ఆ సర్జన్ రోజూ ఉండరు, ఫలానా రోజుల్లో వచ్చి చేసి పోతారు. అందుకని "తీసేది ఎవరు? తర్వాత ఏమైనా అయితే నేను ఎవరికి చూపించుకోవాలి?" అని రెండు ముక్కలూ కలిపి అడగండి. డబ్బు ఇబ్బంది ఉంటే రుయా సర్కారు ఆసుపత్రిలో దంత విభాగం ఉంది, రేణిగుంట రోడ్డులో డెంటల్ కాలేజీ ఉంది. అక్కడ ఓపిగ్గా కూర్చోవాలి, పొద్దున్నే పోవాలి.

నాకు ఒక్కో పన్నుకు ఎక్స్‌రేతో, మందులతో కలిపి ఏడున్నర వేల దాకా అయింది. మీ పన్ను ఎంత లోతుగా ఉందో దాన్ని బట్టి మారుతుంది. కుట్లు విప్పడం, మధ్యలో చూపించుకోవడం ఆ లెక్కలోనే ఉన్నాయా లేదా అన్నది ముందే తేల్చుకోండి.

డాక్టరుకు దాచకుండా చెప్పాల్సినవి ఉన్నాయి. షుగరు, బీపీ, ఆస్తమా, గుండె జబ్బు, కడుపుతో ఉండటం, ఏ మందు పడదు అన్నది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నా చెప్పాలి, గుండె డాక్టరును అడక్కుండా వాటిని సొంతంగా మానేయకూడదు. ఎముకలు గట్టిపడటానికి మాత్రలో సూదులో తీసుకునే పెద్దవాళ్లు అది తప్పకుండా చెప్పాలి, పన్ను తీసిన చోట ఎముక మానడం వాటితో ముడిపడి ఉంటుంది. గర్భం రాకుండా మాత్రలు వాడే ఆడవాళ్లు సిగ్గుపడకుండా చెప్పండి, వాళ్లకు నేను పడ్డ బాధ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ.

ఏ రోజు పెట్టుకోవాలి

దీన్ని ఎవరూ చెప్పరు. పన్ను తీసిన రోజు పెద్ద కష్టం ఉండదు. వాపు రెండో రోజు, మూడో రోజు ఎక్కువవుతుంది. ఏదైనా తేడా కొట్టినా సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్యే తెలుస్తుంది. నేను మొదటిసారి గురువారం పెట్టుకున్నాను. శుక్ర, శని, ఆది. నొప్పి లేచింది ఆదివారం రాత్రి, క్లినిక్‌కు తాళం. సోమవారం పది గంటల దాకా గోడ పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి సోమవారం పొద్దున పెట్టుకున్నాను. వారమంతా డాక్టరు అందుబాటులో ఉంటారు, పొద్దున తీస్తే రక్తం ఆగిందా లేదా అన్నది చీకటి పడకముందే తెలిసిపోతుంది.

మీ పని చూసుకుని కూడా పెట్టుకోండి. నాకు మామిడికాయల కాలం, బ్రహ్మోత్సవాలు రెండూ ఊపిరాడని రోజులు. అందుకే రెండోది ఉత్సవాలు అయిపోయి వాహనాల గోల తగ్గాక పెట్టుకున్నాను. ఒకే వైపు పైదీ కిందదీ ఉంటే ఒకేసారి తీయించుకుంటే రెండో వైపు నమలడానికి మిగులుతుంది.

ముందు రోజే ఇంట్లో ఉండాల్సినవి: మాత్రలు, ఉప్పు, ఐసు, శుభ్రమైన గాజ్ గుడ్డ, రాగిపిండి, రెండు దిండ్లు. తీయించుకుని వచ్చాక మెడికల్ షాపులో నోరు తెరవకుండా సైగలు చేయడం నాకు అనుభవమే.

కుర్చీలో

మత్తు ఆ చోటుకు మాత్రమే ఇస్తారు కాబట్టి ఖాళీ కడుపుతో పోవద్దు. ఇడ్లీ తినండి, పళ్లు తోముకోండి, రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు డాక్టరు వద్దంటే తప్ప మామూలుగానే వేసుకోండి. బండి మీద ఒక్కరే పోవద్దు, తీసుకొచ్చే మనిషి ఉండాలి.

దవడ వెనక సూది గుచ్చుతారు. సూది వేసిన వెంటనే నాకు గుండె దడదడలాడింది, అయిపోయాననుకున్నాను. ఆ మందులో రక్తం తక్కువ కారడానికి అడ్రినలిన్ కలుపుతారట, ఒకటి రెండు నిమిషాల్లో దడ తగ్గింది. ఐదు పది నిమిషాలకు సగం నాలుక, సగం పెదవి మనవి కానట్టు అవుతాయి. పెదవి లావైపోయిందనిపిస్తుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది.

తర్వాత మొహం మీద పచ్చగుడ్డ కప్పుతారు. చిగురు కోసి, పన్ను చుట్టూ ఉన్న ఎముకను మిషన్‌తో కొంచెం తొలిచి, పన్నును రెండు ముక్కలు చేసి ఒక్కొక్కటిగా తీస్తారు. నొక్కుతున్నట్టు, తోస్తున్నట్టు తెలుస్తుంది. నొప్పి మాత్రం తెలియకూడదు. తెలిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి, ఇంకొంచెం మత్తు వేస్తారు. మగవాడినని ఓర్చుకుంటూ కూర్చుంటే మెచ్చుకునేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. భయపెట్టేది నొప్పి కాదు, చప్పుడు. పన్ను రెండుగా విరిగినప్పుడు, నేను రోజూ వినే చెరుకుగడ విరిగే చప్పుడే, నా తలకాయ లోపలి నుంచి వినిపించింది. టప్. అప్పటికి సగం పని అయిపోయినట్టే.

నల్లదారంతో రెండు కుట్లు వేశారు. మొత్తం నలభై నిమిషాలు. పన్ను చూపించమని అడిగి చూశాను. రెండు ముక్కలు, చింతగింజలకంటే కొంచెం పెద్దవి. వీటికోసమా రెండేళ్లు అనిపించింది.

గడ్డను కాపాడుకోవడం

ఇక్కడి నుంచే మీ పని మొదలవుతుంది.

పన్ను తీసిన గుంతలో రక్తం నిండి గడ్డ కడుతుంది. ఆ గడ్డే ఎముకకు మూత, లోపల కొత్త కండ పుట్టడానికి ఆధారం. పాలు తోడు పెట్టి ఉట్టి మీద ఉంచాక గిన్నె కదిలిస్తే పెరుగు ఎట్లా విరుగుతుందో, దీన్ని కదిలిస్తే అట్లనే ఊడొస్తుంది. ఊడితే కింద ఎముక, నరాల కొసలు గాలికి బయటపడతాయి. డ్రై సాకెట్ అంటారు దాన్ని. డాక్టర్లు వద్దనే పనులన్నీ ఈ ఒక్క గడ్డ కోసమే. ఈ సంగతి మొదటిసారే ఎవరైనా నాకు ఇట్లా చెప్పి ఉంటే స్ట్రా ముట్టేవాడిని కాదు. "వద్దు" అన్న మాట ఒక్కటే వినబడింది, ఎందుకో వినబడలేదు.

స్ట్రాతో తాగేటప్పుడు మనం చేసేది ఏమిటి? బుగ్గలు లోపలికి పీల్చి నోట్లో గాలి తగ్గిస్తాం, జ్యూస్ పైకి వస్తుంది. అదే పీల్పుకు గుంతలోని గడ్డ కూడా కదులుతుంది. పన్నెండేళ్లుగా స్ట్రాలు అమ్ముతున్నాను, ఇది నాకు తట్టలేదు. సిగరెట్టు పీల్చడమూ అదే పీల్పు, పైగా ఆ పొగ పుండును మాననివ్వదు. ఖైనీ, గుట్కా గురించి చెప్పే పనే లేదు. కాండ్రించి ఉమ్మడం, పుక్కిలించడం, సీసా ఎత్తి గటగటా పీల్చడం, అన్నీ ఒకటే తప్పు. ఎంగిలిని మింగేయండి. రక్తం కలిసింది కదా అని అసహ్యపడొద్దు, మొదటి రోజు ఉమ్మి ఎర్రగా ఉండటం మామూలే. ఒక చుక్క రక్తం నోరంతా ఉమ్మిలో కలిస్తే చాలా ఉన్నట్టు కనిపిస్తుంది.

పన్ను తీయగానే గాజ్ పెట్టి కొరికి పట్టుకోమంటారు. ముప్పావు గంట నుంచి గంట దాకా గట్టిగా పట్టుకోండి. ఐదు నిమిషాలకోసారి తీసి చూసుకుంటే గడ్డ ఎప్పుడు కట్టాలి? ఇంటికొచ్చాక మళ్లీ కారితే కొత్త గాజ్ మడిచి గుంత మీద పెట్టి, తల ఎత్తి కూర్చుని అరగంట కొరికి పట్టుకోండి. అట్లా రెండుసార్లు చేసినా నోరు నిండుతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి.

మత్తు దిగేదాకా, అంటే మూడు నాలుగు గంటలు, ఏమీ తినొద్దు. తెలియకుండా పెదవి కొరుక్కుంటాం. మత్తు పూర్తిగా దిగకముందే మొదటి నొప్పి మాత్ర వేసుకోండి, నొప్పి లేచాక వేసుకుంటే వెంటపడి పట్టుకోవాల్సి వస్తుంది. యాంటీబయాటిక్ ఇస్తే చెప్పినన్ని రోజులూ వాడండి. వాటిలో మెట్రోనిడజోల్ ఉందంటే మద్యం తాగడం పూర్తిగా బంద్.

మొదటి రోజు ఐసు. మా షాపు ఐసునే గుడ్డలో చుట్టి బుగ్గ మీద పదిహేను నిమిషాలు పెట్టడం, పదిహేను నిమిషాలు తీయడం. పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు. మరుసటి రోజుకు నా బుగ్గ నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బింది, మూడో రోజుకు బత్తాయి అంత. నాలుగో రోజు నుంచి తగ్గుతూ వచ్చింది. గడ్డం మీదికి పసుపు, ఆకుపచ్చ కలిసిన మచ్చ దిగితే కంగారు పడొద్దు, కమిలిన రక్తం కిందికి జారుతుంది.

24 గంటలు నోరు పుక్కిలించకూడదు. ఆ తర్వాత గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని, తలను అటూ ఇటూ వంచి, నోరు తెరిచి నీళ్లు వాటంతటవే కారిపోనివ్వాలి. గుడగుడలాడించొద్దు. తిన్న ప్రతిసారీ ఇది చేయాలి, వారం దాకా. మిగతా పళ్లు మామూలుగా తోముకోవచ్చు.

తిండి

ఇక్కడ మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు ఒక అదృష్టం ఉంది. సంగటి. ముద్ద తుంచి పులుసులో ముంచి మింగడమే, నమిలేవాడిని ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. మూడో రోజు నుంచి చల్లారిన సంగటి మెత్తగా చేయించుకుని కారం లేని పప్పుతో మింగాను. ఊరిబిండి గిన్నె వైపు చూడలేదు. మొదటి రెండు రోజులు చల్లటి రాగిజావలో మజ్జిగ కలిపి గ్లాసుతో, మెత్తగా పిసికిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ. వేడివేడిగా ఏదీ వద్దు, వేడికి రక్తం మళ్లీ ఊరుతుంది.

జ్యూసుల సంగతి నేను చెప్పగలను. నిమ్మ, అనాస, బత్తాయి పులుపు పుండును మండిస్తాయి. జామ, దానిమ్మల గింజ ఒక్కటి వడపోతలో తప్పించుకున్నా నేరుగా గుంతలోకే పోతుంది. సపోటా, అరటి, కర్బూజా మంచివి. చెంచాతో తాగండి. ఐస్‌క్రీం కప్పులోది తినండి, కోన్ వద్దు. మురుకులు, చెక్కలు, వేరుశనగ ఉండలు రెండు వారాలు మర్చిపోండి. మా బావమరిది కొండ నుంచి లడ్డూ తెచ్చాడు, ప్రసాదం కాదనలేక జీడిపప్పూ ఎండుద్రాక్షా ఏరి పక్కన పెట్టి పొడి మాత్రం పాలలో కలుపుకుని తిన్నాను.

మొదటిసారి ఏమైందంటే

రెండో రోజు నొప్పి తగ్గింది. సరే అని షాపుకు పోయాను. ఎండగా ఉంది, మా కుర్రాడు "అన్నా, సపోటా" అని గ్లాసు అందించాడు. అందులో స్ట్రా ఉంది. అలవాటు. సగం గ్లాసు తాగాక గానీ గుర్తు రాలేదు. ఆ పొద్దే రెండుసార్లు కాండ్రించి ఉమ్మాను కూడా. మరుసటి రాత్రి లేచిన నొప్పి గురించి మొదట్లోనే చెప్పాను. మాత్ర వేసుకుంటే పావుగంట కూడా ఆగలేదు. నోట్లో చెడు వాసన. టార్చ్ వేసి అద్దంలో చూస్తే, ఎర్రగా నల్లగా గడ్డ ఉండాల్సిన చోట బోసిగా గుంత, అడుగున తెల్లగా ఎముక.

సోమవారం డాక్టరమ్మ తిట్టలేదు. గుంతను సెలైన్‌తో కడిగి, మందు పూసిన చిన్న పట్టీ కూరింది. నోరంతా లవంగాల వాసన. మా అవ్వ పోపుల డబ్బాలోంచి తీసిచ్చిన అదే వాసన. ఆ మందులో ఉండేది లవంగ నూనెలోని సరుకేనట. పది నిమిషాల్లో నొప్పి దిగిపోయింది, కుర్చీలోనే నిద్ర పట్టింది. ఆ పట్టీ మార్చుకోవడానికి ఇంకో మూడుసార్లు తిరిగాను. నయమైపోయే బాధే గానీ, వచ్చిన రాత్రి ఎవరికీ చెప్పుకోలేనిది. మూడో రోజు తర్వాత నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే ఓర్చుకోకుండా వెళ్లి చూపించుకోండి.

అది క్లినిక్ తెరిచేదాకా ఆగగలిగే బాధ. కొన్ని ఆగకూడనివి. జ్వరంతో పాటు వాపు రోజురోజుకూ పెరగడం, నాలుక కింద గట్టిగా ఉబ్బి నాలుక పైకి లేవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, ఊపిరికి ఇబ్బంది, గంటల తరబడి ఆగని రక్తం. వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేసి రుయా క్యాజువాలిటీకి పోండి. పెదవి తిమ్మిరి మరుసటి రోజుకు కూడా వదలకపోతే అది ప్రాణం మీదికి తెచ్చేది కాదు గానీ, డాక్టరుకు చెప్పి రాయించుకోండి.

తర్వాతి వారాలు

ఏడో రోజు కుట్లు విప్పుతారు, చీమ కుట్టినంత. దవడ బిగుసుకుపోయి ఉంటుంది, నాలుగైదు రోజుల తర్వాత రోజూ కాసేపు నోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ముందు ఒక వేలు, తర్వాత రెండు, ఆఖరికి మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. వారం దాకా బరువులు ఎత్తొద్దు. చెరుకు కట్టలు, ఐసు దిమ్మలు మా కుర్రాడే దించాడు.

గుంత మాత్రం వారాల తరబడి ఉంటుంది, తిన్నదల్లా అందులో చేరుతుంది. తిన్నాక ఉప్పునీళ్లు తప్పవు. గుంతను కడగడానికి మొన లేని సిరంజి ఇస్తే డాక్టరు చెప్పిన రోజు నుంచే వాడండి, ముందే వాడితే మళ్లీ గడ్డ సంగతికే వస్తాం. అగ్గిపుల్లతో, పిన్నీసుతో కెలకొద్దు. చిగురు నెలా నెలన్నరకు పూడుకుంటుంది, లోపల ఎముక నిండటానికి నెలలు పడుతుంది.

రెండో పన్ను బాగా జరిగితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మా ఇంటావిడ నా తరఫున మొక్కేసింది. 3,550 మెట్లు. పదో రోజే పోదామంది, నేను మూడో వారం దాకా ఆగాను. పైన వడ ప్రసాదం దొరికింది. ఆ వడ గట్టిదనం మీకు తెలుసు కదా, ఎడమవైపు పెట్టుకుని కొరికాను.